యాభై ఒకటో కబురు

తట్టాంచావడి పారిశ్రామిక వాడలో ఒక పక్క రేకు బకెట్లు చేసే షెడ్డు, ఇంకో పక్క వెల్డింగు కొట్టు. ఆ రెంటి నడుమ కొత్తగా సున్నం కొట్టించిన ఒంటి అంతస్తు భవనంలో ప్రభుత్వం వారి కంప్యూటరు కేంద్రం ఉండేది. పుదుచ్చేరి మొత్తంలో ఇంకెక్కడా చోటు లేనట్టు దాన్ని తెచ్చి ఆ చప్పుళ్ళ మధ్య పెట్టారు. లోపల ఏసీ గది, గది బయట చెప్పుల వరుస. గుళ్ళోకి పోయేటప్పుడు కూడా గొణుక్కుంటూ చెప్పులు విప్పే గుమాస్తాలు ఈ గుమ్మం దగ్గర మాత్రం మారు మాట్లాడకుండా వంగి విప్పేవారు. యంత్రానికి దుమ్ము పడదని పైవాళ్ళు చెప్పారు మరి.

1988లో ఆ గది కె. వసంతకుమారి చేతిలో ఉండేది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. పెద్ద బజారులో ముత్తాత నాటినుంచి బట్టల కొట్టు నడుపుతున్న తెలుగు వర్తకుల ఇంట పుట్టింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. నోటికి తెలుగు ఎంత బాగా వచ్చినా తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. ఆ ఊళ్ళో పాతకాపు తెలుగువాళ్ళు చాలామంది అంతే, ఎవరూ దాన్ని లోటనుకోరు.

మద్రాసులో ఆరు వారాలు శిక్షణ పొంది వచ్చాక ఆమెకు అప్పగించిన పని పుదుచ్చేరిని యానాంతో కలపడం. యానాం ఎక్కడో గోదావరి ఒడ్డున ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉంది, కానీ ఏలుబడి ఇక్కణ్ణుంచే. ఒక కాగితం అక్కడికి పోయి జవాబు రావాలంటే పదిహేను రోజులు పట్టేది. ఇప్పుడు టెలిఫోను వాళ్ళ ప్రత్యేక తీగమీద ఇక్కడి యంత్రం మద్రాసు యంత్రానికి చెబుతుంది, అది విజయవాడ యంత్రానికి, అది యానాం యంత్రానికి. అన్నీ కుదిరితే రెండు నిమిషాల్లో కబురు చేరాలి. ప్రారంభోత్సవం ఇంకా కాలేదు, పరీక్షలు నడుస్తున్నాయి.

ఆ ఆఫీసులో అటెండరు త్రిమూర్తులు. యాభై దాటినవాడు, యానాం మనిషి. రెండేళ్ళ కిందట బదిలీమీద వచ్చి నటేశన్ నగర్‌లో ఒంటిగది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. ఆఫీసు తపాలా అంతా సైకిలుమీద అతనే తిప్పేవాడు. వసంత తెలుగు చదవలేదని తెలిసినప్పటినుంచీ అతనికి ఆమెమీద జాలి, ఆ జాలిలోనే కొంచెం వెటకారం. ఒకరోజు టీ గ్లాసు తెచ్చి బల్లమీద పెడుతూ, ఆమె కాగితంమీద గీస్తున్న బొమ్మ చూశాడు. ఒకదానిమీద ఒకటి ఏడు గళ్ళు, పక్కన ఇంకో ఏడు.

"ఏటండీ అమ్మాయిగారూ, ఏడంతస్తుల మేడ గీత్తన్నారు? మనకున్నది ఒక్కంతస్తే గదండీ."

"ఇది యంత్రం లోపలుండే మేడన్నా. యానాం యంత్రంలో కూడా ఇట్లాంటిదే ఒకటుండాది. యంత్రాలు మాట్లాడుకునేది ఈ ఏడంతస్తుల మీదనే."

కూర్చోమని స్టూలు చూపించి ఆమె చెప్పింది. మనం చెప్పదలుచుకున్న మాట పై అంతస్తులో పుడుతుంది. అది దాన్ని ఒక కవరులో పెట్టి, అవతలి యంత్రంలో తన అంతస్తు చదువుకోవలసిన ముక్క పైన రాసి కిందికి ఇస్తుంది. కింది అంతస్తు ఆ కవరును విప్పదు. దాన్ని తన కవరులో పెట్టి, అవతలి యంత్రంలోని తన జోడీకి కావలసింది రాసి ఇంకా కిందికి ఇస్తుంది. ఒకటి అక్షరాల సంకేతాలు చూసుకుంటుంది, ఒకటి సంభాషణ ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ముగిసిందో చూసుకుంటుంది. నాలుగోది పెద్ద కబురును ముక్కలు చేసి, అవతలి ఒడ్డున అన్నీ వరుస తప్పకుండా చేరాయా అని కనుక్కుంటుంది. మూడోది దారి చూపుతుంది, మద్రాసు మీదుగానా ఇంకో వైపుగానా అని. రెండోది తీగకు ఈ చివరా ఆ చివరా కాపలా. అట్టడుగుది తీగమీద అలలు పంపడం తప్ప ఇంకేమీ ఎరగదు. అవతలి యంత్రంలో ఇదంతా తలకిందులుగా జరుగుతుంది. అడుగునుంచి ఒక్కో కవరే విప్పుకుంటూ మాట పైకి పోతుంది.

"పక్కన వెల్డింగు వాడు నిప్పులు రేపినప్పుడల్లా తీగలో గోల పుడతాది కదన్నా. అప్పుడు ముక్క చెడిపోతాది. ప్రతి ముక్క చివరా ఒక లెక్క రాసుంటాది. లెక్క కుదరలేదంటే అవతలి రెండో అంతస్తు మళ్ళీ పంపమంటాది. పైవాళ్ళకి ఈ సంగతే తెలీదు."

"అంటే ఎవరి కవరు ఆళ్ళే ఇప్పుకోవాలి, పైవోడి కవర్లో ఏవుందో కిందోడు చూడకూడదు. అంతేనాండీ?"

"అంతే. రేపు తీగ తీసేసి ఆకాశంలోనించి పంపినా అడుగంతస్తు ఒకటి మారితే చాలు. మిగిలినవాళ్ళ పని వాళ్ళదే. అందుకే ఇన్ని అంతస్తులు."

త్రిమూర్తులు కాసేపు ఆ బొమ్మనే చూశాడు. "బాగానే ఉంది గానండీ, ఈ ఏడింటికీ పైన మనిషుండాలి గదండీ. ఆడేడీ?"

వసంత నవ్వింది. "మనిషి ఎనిమిదో అంతస్తున్నా. ఆయన మా లెక్కలో రాడు."

యానాంలో యంత్రాన్ని చూసుకునేవాడు వీర్రాజు. బుద్ధిమంతుడే, కాకపోతే అతి బుద్ధిమంతుడు. రోజూ పది గంటలకు వసంత ఇక్కణ్ణుంచి యాభై పరీక్ష కబుర్లు పంపేది. 'ఇది పరీక్ష, పన్నెండోది', 'ఇది పరీక్ష, పదమూడోది', అంతే ఉండేది వాటిలో. వీర్రాజు ఒక్కొక్కటీ తెరిచి, అచ్చు తీసి, దారం గుచ్చి ఫైలులో పెట్టేవాడు. 'పన్నెండోది చక్కగా అందినది, మేడమ్ గారికి నమస్కారములు' అని జవాబులు కూడా పంపేవాడు. పది రోజుల్లో అక్కడ కాగితం అయిపోయింది. వసంతకు నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది. కబుర్లు తెరవనక్కరలేదు, లోపలేముందో మీకు అనవసరం, పెట్టెలోకి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి మర్నాడు పొద్దున ఆ అంకె చెబితే చాలు అని ఆఫీసు కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపింది. యంత్రానికి పెట్టిన నియమం తెచ్చి మనిషికి పెట్టింది. తప్పంతా అక్కడే పుట్టింది, కానీ ఆ రోజున అది ఎవరికీ తప్పులా కనబడలేదు. ఆపైన నెల రోజులపాటు వీర్రాజు ప్రతి పొద్దునా 'యాభై' అని చెబుతూనే వచ్చాడు.

తమిళుల ఐప్పసి నెల వానలు మొదలైన వారం, సోమవారం పొద్దున, త్రిమూర్తులు తపాలా పంచి తడిసి వచ్చి స్టూలుమీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. జీపులో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. గుండె సగం పని మానేసిందన్నారు డాక్టర్లు. రెండు రోజులో నాలుగు రోజులో చెప్పలేము, అయినవాళ్ళుంటే పిలిపించండి అన్నారు.

కేంద్రం అధికారి సీతాపతి ఏలూరు వైపు నుంచి వచ్చినవాడు, నిదానస్తుడు. "టెలిగ్రాం ఇద్దామమ్మా. యానాం ఆఫీసుకి ట్రంక్ కాల్ కూడా బుక్ చేద్దాం. ఏదో ఒకటి అందుతుంది" అన్నాడు.

"టెలిగ్రాం యాడ సార్, ఈ వానల్లో రెండు రోజులు పట్టినా పట్టొచ్చు. ట్రంక్ కాల్ దొరికేసరికి సాయంత్రమైపోతాది. మన లైను ఉండాది కదా. రెండు నిమిషాలు. వీర్రాజు పోయి ఆమెకి చెప్తాడు" అంది వసంత.

కొత్తొక వింత అన్నారు. త్రిమూర్తులుమీద ఆమెకున్న అభిమానం అబద్ధం కాదు. కానీ తన తీగమీద పోయే మొదటి నిజమైన కబురు ఇదే అవుతుందన్న గర్వం కూడా ఆ మాటలో కలిసే ఉంది. అది ఆమెకు తెలుసు. సీతాపతి సరే నీ ఇష్టం అన్నాడు.

కబురేం రాయాలో అడగడానికి ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. త్రిమూర్తులు గోడపక్క మంచంమీద ఉన్నాడు. స్పృహ బాగానే ఉంది, మాట మాత్రం సన్నగా వస్తోంది.

"మంగాయమ్మ రాదండీ" అన్నాడు ముందుగానే.

మంగాయమ్మ అతని భార్య. పిల్లల్లేరు. కిందటేడు ఆమెను తెచ్చి నటేశన్ నగర్ గదిలో కాపురం పెట్టాడు. పక్కింటివాళ్ళ మాట ఆమెకు అర్థం కాదు, ఆమె మాట వాళ్ళకు పట్టదు. పగలంతా నాలుగు గోడల్నీ చూస్తూ మూడు నెలలు ఓర్చుకుంది. ఆఖరికి ఒకరోజు ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. బస్టాండులో, పదిమంది వినేట్టు, "నీ మీద ఒట్టు, ఈ ఊళ్ళో మళ్ళీ అడుగెట్టను" అని వెళ్ళిపోయింది. అతనూ తక్కువ తినలేదు, రావద్దనే అన్నాడు. ఆ తరవాత ఉత్తరాలు లేవు. నెలనెలా ఎవరి ద్వారానో క్షేమం తెలుసుకుంటూ ఉండేవాడు.

"వస్తాదన్నా. మీరు చెప్పండి, ఏం రాయమంటారో. మీరు చెప్పింది చెప్పినట్టే పంపుతా."

అతను కళ్ళు మూసుకున్నాడు. "మంగా, నాకు బాగోలేదు. కోపముంటే వచ్చి తిట్టు, రాకుండా మాత్రం ఉండకు. అలా రాయండి. అంతేనండి."

తట్టాంచావడికి తిరిగి వచ్చి ఆ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే కొట్టింది వసంత. వెంటనే మంగాయమ్మకు అందించమని పైన వీర్రాజుకు రెండు ముక్కలు రాసింది. ఆ రోజు యాభై పరీక్ష కబుర్లు పది గంటలకే వెళ్ళిపోయాయి. దీన్ని పదకొండున్నరకు పంపింది. పక్కన వెల్డింగు సాగుతూనే ఉంది, రెండు ముక్కలు చెడి మళ్ళీ వెళ్ళాయి. నిమిషమున్నర తిరక్కుండా తెరమీద 'చేరింది' అని పచ్చటి అక్షరాలు వచ్చాయి.

ఆమె భోజనం కూడా చేయకుండా మళ్ళీ ఆసుపత్రికి పోయింది. "చేరిందన్నా! రెండు నిమిషాలు కూడా పట్టలేదు."

"చేరిందాండీ? దాని చేతికేనా?"

"ఆఁ, చేరింది" అంది వసంత. అంతకన్నా ఆలోచించలేదు.

త్రిమూర్తులు ముఖంలోకి కళ వచ్చింది. వేళ్ళమీద లెక్కవేశాడు. ఇప్పుడు బయలుదేరితే సాయంత్రానికి కాకినాడ, అక్కణ్ణుంచి సామర్లకోట, రాత్రి మెయిలు బండి, రేపు పొద్దున మద్రాసు, మధ్యాహ్నానికి బస్సులో ఇక్కడికి. మెయిలు తప్పిపోతే ఎల్లుండి. అంతకు మించి ఎలా లెక్కవేసినా ఎల్లుండి దాటలేదు.

మంగళవారం పొద్దున యానాం నుంచి రోజువారీ కబురు వచ్చింది. 'యాభై ఒకటి వచ్చినవి. అన్నీ సక్రమము.' వసంత ఆ అంకెను లాగ్ పుస్తకంలో రాసి, కింద రెండు గీతలు గీసింది. ఆ ఒక్కటి ఏమిటో తనకు తెలుసు కదా అని సంతోషపడింది.

మంగళవారం మధ్యాహ్నం మంగాయమ్మ రాలేదు. మెయిలు తప్పిపోయి ఉంటుందన్నాడు త్రిమూర్తులు. బుధవారం పొద్దున గడ్డం గీయించుకుంటానని పట్టుబట్టాడు. వార్డు ఆయా పూంగావనం, బాహూరు మనిషి, ఎక్కణ్ణుంచో మంగలిని పట్టుకొచ్చింది. తనే నూనె రాసి తల దువ్వి, పెళ్ళికొడుకువయ్యావు తాతా అని తమిళంలో ఆట పట్టించింది. అతను తలుపు వైపు తిరిగి పడుకున్నాడు. ఎవరి అడుగు వినబడినా కళ్ళు తెరిచేవాడు. మధ్యాహ్నం మూడయింది, అయిదయింది. సాయంత్రం సందర్శకుల గంట కొట్టేశారు.

"చేరిందన్నారు గదండీ అమ్మాయిగారూ" అన్నాడు.

"చేరిందన్నా. నేను చూసినా. మరునాడు వీర్రాజు కూడా వచ్చిందనే చెప్పినాడు."

"అయితే తెలిసే రాలేదన్నమాట."

వసంత ఏవేవో కారణాలు వెతికింది. వానకు రైళ్ళు ఆలస్యమేమో అంది, గోదావరి పొంగిందేమో అంది. అతను విన్నాడు గాని నమ్మలేదు. "ఒట్టేసింది గదండీ. దాన్దేం తప్పులేదు, నేనూ అనకూడని మాటలే అన్నాను" అని మెల్లగా కుడివైపుకు ఒత్తిగిలి గోడవైపు తిరిగాడు. ఆ తరవాత తలుపు వైపు చూడలేదు. మరునాడు పొద్దున పాలు ఇస్తే వద్దన్నాడని పూంగావనం చెప్పింది.

గురువారం పది గంటలకు వసంత యంత్రం ముందు కూర్చుంది కాని పరీక్ష కబుర్లు పంపలేదు. గోడవైపు తిరిగిన ఆ వీపే కళ్ళముందు ఆడుతోంది. తెలిసి కూడా రాని ఆడదానిమీద ఆమెకు ముందు కోపం వచ్చింది. ఎంత పట్టుదలైతే మాత్రం ఇంతా అనుకుంది. ఆ కోపంలోనే, అసలు తెలిసిందని నాకెలా తెలుసు అన్న ప్రశ్న పుట్టింది. పుట్టాక అది ఆమెను కూర్చోనివ్వలేదు.

మద్రాసు శిక్షణలో రాసుకున్న ఫైలు తీసింది. ఒక్కో అంతస్తే దిగుతూ చూసుకుంది. తెరమీద 'చేరింది' అన్నది ఎవరు? నాలుగో అంతస్తు. ముక్కలన్నీ వరుస తప్పకుండా యానాం యంత్రంలోకి వచ్చాయని అది చెప్పింది. అంతే చెప్పింది, అందులో అబద్ధం లేదు. ఆపైన ఏడో అంతస్తు దాన్ని పెట్టెలో పెట్టింది, అదీ నిజమే. పెట్టె తెరిచి చదివానని మాత్రం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. వీర్రాజు చెప్పింది అంకె. యాభై ఒకటి అన్నాడు, చదివానని అనలేదు. అంకె చాలని అతనికి రాసిచ్చింది ఎవరు?

లేచి వెళ్ళి యానానికి అర్జెంటు ట్రంక్ కాల్ బుక్ చేసింది. మొదటి రోజే చేయవలసిన పని, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నాలుగో రోజున చేసింది. లైను దొరికేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

"వీర్రాజుగారూ, సోమవారం యాభై ఒకటోది ఒకటొచ్చింది కదా, దాన్ని తెరిచినారా?"

"లేదండీ మేడమ్. తెరవొద్దన్నారు గదండీ. లెక్క చెప్తే చాలని కాయితం పంపేరు గదండీ, గోడకి అంటించుకున్నానండీ. ఒకటి ఎక్కువొచ్చింది, పోన్లే మేడమ్ గారే ఎక్కువ పంపి ఉంటారనుకుని యాభై ఒకటని చెప్పేనండీ. తప్పయిందాండీ?"

"తప్పు మీది కాదు" అంది వసంత. "ఇప్పుడు తెరవండి. తెరిచి గట్టిగా చదవండి."

అవతల మీటలు నొక్కిన చప్పుడు, తరవాత వీర్రాజు గొంతు. మంగా, నాకు బాగోలేదు అన్నదాకా చదివి ఆగిపోయాడు. "అయ్యో, మా త్రిమూర్తులు బాబాయా అండీ! మూడ్రోజుల్నించి నా బల్లమీదే ఉందాండీ ఇది!" అని ఏడుపు గొంతుతో అన్నాడు. ఫోను పెట్టకుండానే పరుగెత్తాడు కాబోలు, అవతల తలుపు చప్పుడు వినబడింది, ఆపైన ఏమీ లేదు.

ఆటో దిగి వార్డులోకి పరుగెత్తేసరికి వసంత వానకు నిలువునా తడిసింది. పూంగావనం ఎదురొచ్చి, పన్నెండు గంటలనుంచీ ఆయనకు తెలివి లేదమ్మా అంది. త్రిమూర్తులు ఇంకా గోడవైపే తిరిగి ఉన్నాడు. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. వసంత మంచం పట్టెమీద మోకాలానించి, వంగి, పైకి ఉన్న చెవి దగ్గర నోరు పెట్టింది.

"అన్నా, నేను వసంత. మంగాయమ్మకి కబురు చేరలేదన్నా. చేరిందని నేను పొరపాటున చెప్పినా. ఆమెకి తెలీదు. తెలిసి రాకుండా లేదు. ఇప్పుడు తెలిసింది, బయలుదేరతాది. అన్నా, వినపడిందా?"

రెప్ప కదలలేదు. మళ్ళీ చెప్పింది, ఇంకొంచెం గట్టిగా. చేతిలో చెయ్యి పెట్టి, విన్నారంటే వేలు కదిలించండి అని బతిమాలింది. మూడోసారీ చెప్పింది. చుట్టుపక్కల మంచాలవాళ్ళు లేచి చూస్తున్నారు. ఆమె ఆ వేళ్ళనే చూస్తూ చీకటి పడేదాకా కూర్చుంది. యంత్రానికైతే ఒక పద్ధతి ఉంది. జవాబు రాకపోతే మళ్ళీ పంపుతుంది, కొన్నిసార్లు పంపి చూసి, అందిందో లేదో తెలియదని పైవాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది. నాకు ఆ పాటి నీతి కూడా లేకపోయిందే అనుకుని కుమిలిపోయింది.

శుక్రవారం పొద్దున ఏడు గంటలకు త్రిమూర్తులు పోయాడు.

సీతాపతి వచ్చి చేయవలసిన ఏర్పాట్లన్నీ చేశాడు. భార్య వచ్చేదాకా ఆసుపత్రివాళ్ళు వెనక గదిలో ఉంచుతామన్నారు. వరండాలో వసంత పక్కన నిలబడి అతను మెల్లగా అన్నాడు. "చూడమ్మా, ఆవిడొచ్చి అడుగుతుంది. నిజం చెప్పాను, విన్నాడు, తల ఊపాడు అని చెప్పు. నీకేం నష్టం? ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ మాట పట్టుకుని బతుకుతుంది. ఇలాంటి అబద్ధానికి పాపం లేదు."

అతను మంచికే చెప్పాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు మంగాయమ్మ వచ్చింది. నలభై అయిదేళ్ళ బక్కపలచటి మనిషి. కబురు విన్నప్పుడు ఎవరింటికో అప్పడాలు ఒత్తుతోందట, చేయి కడుక్కుని అలాగే బయలుదేరింది. మోచేతి దగ్గర మినప్పిండి ఇంకా ఎండి ఉంది. రిక్షా దిగగానే వరండాలో మనుషులు నిలబడ్డ తీరు చూసి ఆమెకు అర్థమైపోయింది. ఏడవలేదు.

"అమ్మాయిగారంటే నువ్వేనా? వీర్రాజు చెప్పేడు. ఎప్పుడు పోయాడు?"

"పొద్దున ఏడు గంటలకమ్మా."

"నే రానని అనుకునే పోయాడా?"

సీతాపతి వసంత వైపు చూశాడు. వసంత మంగాయమ్మ కాళ్ళ దగ్గర కూలబడిపోయింది, కాని మాట తప్పించలేదు.

"మీకు కబురు చేరిందని ఆయనకి చెప్పింది నేనమ్మా. మిషను చేరిందని చెప్పింది, నేను మీకే చేరిందని చెప్పినా. వీర్రాజుని తెరవొద్దని చెప్పింది కూడా నేనే. మీరు తెలిసే రాలేదని ఆయన అనుకున్నాడు. గోడవైపు తిరిగి పండుకున్నాడు. నిన్న మద్దేనం నాకు నిజం తెలిసి వచ్చి చెవిలో చెప్పినా. మూడు తూర్లు చెప్పినా. అప్పటికే ఆయనకి తెలివి లేదు. విన్నాడో లేదో నాకు తెలీదమ్మా."

మంగాయమ్మ చెయ్యి ఎత్తింది. కొడుతుందేమోనని సీతాపతి ముందుకొచ్చాడు. వసంత మాత్రం తల దించుకోలేదు. కొడితే బాగుండునని కూడా అనుకుంది.

"విన్నాడని చెప్తే సరిపోద్ది గదే" అంది మంగాయమ్మ, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి. "నన్ను చంపడం కాకపోతే. విన్నాడంటే నీ సొమ్మేం పోయింది?"

"తెలీనిదాన్ని తెలుసని ఒకతూరి చెప్పినానమ్మా. ఇంకోతూరి నా వల్ల కాదు."

మంగాయమ్మ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆమె వసంతను క్షమించినట్టు ఏ మాటా అనలేదు. అలాగని తిట్టనూ లేదు. పైట చెంగుతో ముఖం తుడుచుకుని, పూంగావనం దారి చూపిస్తే వెనక గది వైపు నడిచింది. వసంత లేచి వెనకే వెళ్ళింది.

గది నడుమ బల్లమీద త్రిమూర్తులును పడుకోబెట్టారు. బుధవారం గీయించుకున్న గడ్డం మళ్ళీ కొద్దిగా మొలిచింది. మంగాయమ్మ తెల్ల గుడ్డ భుజాలదాకా తీసి ఆ ముఖాన్ని చూసింది, తలమీద చెయ్యి వేసింది.

"ఏ చెవిలో చెప్పేవు?" అంది, వెనక్కి తిరక్కుండానే.

"ఎడమ చెవిలోనమ్మా. గోడవైపు తిరిగి ఉంటే, అదే పైకి ఉండింది."

మంగాయమ్మ బల్ల చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చింది. అక్కడ వంగి, రెండు చేతులూ అతని కుడి చెవికి అడ్డంపెట్టి, పక్కనున్నవాళ్ళకు వినిపించకూడదన్నంత మెల్లగా, "నాకు తెలీలేదయ్యా. నిన్ననే తెలిసింది. తెలిస్తే రాకుండా ఉంటానా?" అంది. చెప్పి, చెయ్యి తీయకుండా, అతని ముఖంవైపు చూస్తూ చాలాసేపు అలాగే నిలబడింది.